విమానాశ్రయ తనిఖీ.. గర్భిణులకు భయమేల?
యంత్రాలపై అపోహలు వద్దు.. చంటిపిల్లల పాలకు మినహాయింపు ఉంది.. ముందుగా తెలుసుకొని వెళ్తే చిక్కులుండవు

జగిత్యాల: గల్ఫ్‌లోని భర్త వద్ద కొన్ని నెలలు ఉండి పురుటికి పుట్టింటికి తిరిగివచ్చే యువతులు, అమెరికాలో ఉన్న కుమార్తెకు పురుడు పోసేందుకు తొలిసారి విమానమెక్కే తల్లులు, చంటిబిడ్డను చంకనెత్తుకొని ఒంటరిగా పరదేశానికి బయలుదేరే ఇల్లాళ్లు.. జిల్లాలో ఇటువంటి ప్రయాణాలు ఇప్పుడు కొత్త కాదు. రెండు వందల కిలోమీటర్లకు పైగా రోడ్డు మీద ప్రయాణించి శంషాబాద్ చేరుకొనే ఈ కుటుంబాలను విమానం కంటే, విమానం ఎక్కే ముందు జరిగే భద్రతా తనిఖీయే ఎక్కువగా భయపెడుతోంది.

ఆ యంత్రంలోంచి నడిస్తే కడుపులోని బిడ్డకు ఏమైనా అవుతుందా? పాలసీసా లాక్కుంటారా? నిండు గర్భిణిని మగవారు తనిఖీ చేస్తారా? మెడలోని మంగళసూత్రం, బిడ్డ మొలతాడు తీసేయమంటారా? ప్రయాణం ఖాయమైన ప్రతి ఇంటా వినిపించే ప్రశ్నలివి. వీటికి సరైన సమాధానం తెలియకపోవడం వల్ల కొందరు అనవసరంగా ఆందోళన చెందుతుంటే, మరికొందరు అడిగితే దొరికే సదుపాయాన్ని సైతం అడగకుండా మిన్నకుండిపోతున్నారు. ఈ నేపథ్యంలో తనిఖీ ఎలా జరుగుతుంది, ఏ యంత్రం ఏం చేస్తుంది, తల్లులు ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి అన్న అంశాలపై ప్రత్యేక కథనం.

ఎవరి పని ఏది?

విమానాశ్రయంలో కనిపించే యూనిఫారాలన్నీ ఒకటి కావు. ఎవరు ఏ పత్రం అడుగుతారో తెలిస్తే సగం తడబాటు తగ్గుతుంది.

టెర్మినల్ ప్రవేశద్వారం వద్ద టికెట్టు, గుర్తింపు పత్రం చూసేది కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం, అంటే సీఐఎస్ఎఫ్ సిబ్బంది. ఇక్కడి నుంచి లోపలికి ప్రయాణికులకే ప్రవేశం. ఊరి నుంచి సాగనంపడానికి వచ్చిన బంధువులు ఇక్కడే ఆగిపోవలసి ఉంటుంది. అంటే, బిడ్డతో ఒంటరిగా వెళ్లే తల్లి ఇక్కడి నుంచి సామాను, సంచులు, బిడ్డ అన్నీ తానే చూసుకోవాలి.

తర్వాత వచ్చే చెక్-ఇన్ కౌంటరు విమానయాన సంస్థది. పెద్ద సామాను తూకం వేసి తీసుకొనేది, బోర్డింగ్ పాసు ఇచ్చేది వీరే. గర్భిణి ప్రయాణానికి అర్హురాలా కాదా అన్నది తేల్చేది, వైద్యుని ధ్రువపత్రం అడిగేది కూడా వీరే. అంతర్జాతీయ ప్రయాణమైతే అనంతరం ఇమిగ్రేషన్ అధికారులు పాస్‌పోర్టు, వీసా పరిశీలిస్తారు. ఆ తర్వాతే భద్రతా తనిఖీ. ఇక్కడ మళ్లీ సీఐఎస్ఎఫ్ సిబ్బంది ఉంటారు.

ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం 1999 డిసెంబరులో కాందహార్‌కు హైజాక్ అయిన తర్వాత దేశంలోని విమానాశ్రయాల భద్రతను రాష్ట్రాల పోలీసుల నుంచి దశలవారీగా సీఐఎస్ఎఫ్‌కు అప్పగించారు. 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో ఇది మొదలైంది. 2008 మార్చిలో ప్రారంభమైన శంషాబాద్ విమానాశ్రయంలోనూ ఈ దళమే తనిఖీలు నిర్వహిస్తోంది. ఏది అనుమతించాలి, ఏది కూడదు అన్న నిబంధనలను రూపొందించేది పౌర విమానయాన భద్రతా సంస్థ, అంటే బీసీఏఎస్. కౌంటరు వద్ద ఉన్న సిబ్బంది సొంతంగా పెట్టుకున్న నియమాలు కావివి.

మనిషికి ఒక యంత్రం.. సంచికి మరొకటి

గర్భిణుల భయానికి మూలం ఒక్కటే. తనిఖీ వద్ద ఉన్న యంత్రాలన్నీ ఎక్స్‌రే యంత్రాలేనన్న అపోహ. వాస్తవానికి అక్కడ పక్కపక్కనే ఉండే రెండు యంత్రాలు పూర్తిగా వేర్వేరు.

సంచులు పెట్టే బెల్టు ఎక్స్‌రే యంత్రంలోకి వెళ్తుంది. లోపల ఏమున్నదీ తెరపై చూపేది ఇదే. కిరణాలు బయటికి రాకుండా దీని చుట్టూ లోహపు కవచం, రెండు చివరలా సీసం కలిసిన బరువైన పట్టీల తెరలు ఉంటాయి. పక్కన నిలబడి సంచీ పెట్టడం, తీసుకోవడం వల్ల గర్భిణికి హాని లేదు. అయితే, సంచీ ఇరుక్కుంటే తీసేందుకు ఆ తెరల లోపలికి చేయి పెట్టకూడదు. సిబ్బందికి చెబితే వారే తీస్తారు.

మనిషి నడిచే ద్వారం మెటల్ డిటెక్టర్. ఇందులో ఎక్స్‌రే కిరణాలు లేవు. ద్వారం రెండు అంచుల్లోని తీగచుట్టల్లో స్వల్ప విద్యుత్తు ప్రవహించి బలహీనమైన అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. లోహం దానిలోంచి వెళ్లినప్పుడు ఆ క్షేత్రంలో మార్పు వస్తుంది. ఆ మార్పును పసిగట్టి యంత్రం శబ్దం చేస్తుంది. అంతే. సిబ్బంది చేతిలో ఉండే పొడవాటి పరికరం పనిచేసేదీ ఈ పద్ధతిలోనే. శరీర కణాలను దెబ్బతీసే శక్తి ఈ క్షేత్రానికి లేదు. గర్భంలోని శిశువుకు గానీ, చంటిబిడ్డకు గానీ దీనివల్ల ముప్పు లేదు.

అమెరికా సహా పలు దేశాల్లో మూడో రకం యంత్రం ఉంది. చిన్న గదిలాంటి దానిలో చేతులు పైకెత్తి కొన్ని క్షణాలు నిలబడాలి. దుస్తుల కింద దాచిన వస్తువులను ఇది గుర్తిస్తుంది. ఇప్పుడు వాడుతున్నవి మిల్లీమీటరు తరంగాలతో పనిచేసేవి. ఇవి చర్మాన్ని దాటి లోపలికి చొచ్చుకుపోవు. ఎక్స్‌రేతో పనిచేసే పాత తరహా శరీర స్కానర్లను అమెరికా విమానాశ్రయాల నుంచి 2013లోనే తొలగించారు. మన దేశంలోనూ కొన్ని విమానాశ్రయాల్లో మిల్లీమీటరు తరంగాల యంత్రాలను ప్రయోగాత్మకంగా పరీక్షించారు. అమెరికాలో ఈ యంత్రంలో నిలబడటం ఇష్టం లేని గర్భిణి ఆ మాట ముందే చెప్పి, మహిళా అధికారితో చేతి తనిఖీ కోరవచ్చు. అందుకు కారణం చెప్పుకోవలసిన అవసరం లేదు. అయితే యంత్రమూ వద్దు, చేతి తనిఖీ వద్దు అంటే మాత్రం విమానం ఎక్కనివ్వరు.

లాస్ ఏంజిలిస్ ఉదంతం

ఎక్స్‌రే బెల్టుపై నుంచి పసిబిడ్డ వెళ్లిపోయిన సంఘటన ఒకటి 2006 డిసెంబరులో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ విమానాశ్రయంలో జరిగింది. విమాన ప్రయాణం అలవాటు లేని ఒక అమ్మమ్మ, సామాను పెట్టే ప్లాస్టిక్ తొట్టిలో నెల వయసున్న మనుమడిని పడుకోబెట్టి బెల్టుపై ఉంచింది. తెరపై బిడ్డ ఆకారం చూసి సిబ్బంది వెంటనే బయటకు తీశారు. ఆస్పత్రికి తరలించి పరీక్షించగా బిడ్డకు ప్రమాదం లేదని తేలింది. ఆ కొద్ది క్షణాల్లో సోకిన కిరణాల మోతాదు, సహజంగా ప్రకృతి నుంచి ఒక రోజులో అందేదానితో సమానమని వైద్యులు అప్పట్లో తెలిపారు.

ఈ ఉదంతం రెండు విషయాలు చెబుతోంది. మొదటిది, సంచీల యంత్రం సైతం జనం ఊహించుకొనేంత భయంకరమైనది కాదు. రెండోది, అయినప్పటికీ బిడ్డను దానిలో పెట్టరాదు. భాష రాని పెద్దవారు, తొలిసారి ప్రయాణించేవారు కంగారులో పొరపాటు చేసే వీలుంది. తొట్టి, ఊయల, తోపుడుబండి ఏదైనా సరే, బిడ్డను ఎత్తుకున్న తర్వాతే బెల్టుపై పెట్టాలి.

విమాన ప్రయాణంలో రేడియేషన్ అన్నది అసలు లేదా అంటే, ఉంది. ఎత్తున ఎగిరేటప్పుడు అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల ప్రభావం నేల మీదకంటే ఎక్కువ. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం లెక్క ప్రకారం, గర్భకాలం మొత్తానికి నిర్దేశించిన పరిమితిలో ఎంత సుదీర్ఘ ప్రయాణమైనా 15 శాతానికి మించదు. ఎప్పుడో ఒకసారి ప్రయాణించే గర్భిణి దీని గురించి బెంగపెట్టుకోనవసరం లేదు. తరచుగా ఎగిరే విమాన సిబ్బంది విషయం వేరు. మెటల్ డిటెక్టర్‌కు భయపడి ప్రయాణం మానుకున్నవారు, దానికంటే విమానంలోనే ఎక్కువ కిరణాలు సోకుతాయని తెలిస్తే ఆశ్చర్యపోక తప్పదు. రెండూ ఆరోగ్యవంతురాలైన గర్భిణికి హాని చేసే స్థాయిలో లేవన్నదే అసలు సంగతి.

తెర వెనుక తనిఖీ

మన విమానాశ్రయాల్లో మెటల్ డిటెక్టర్ ద్వారం దాటాక ప్రతి ప్రయాణికుడినీ చేతి పరికరంతో పరిశీలిస్తారు. మహిళలకు వేరు వరుస ఉంటుంది. తెర కట్టిన చిన్న గదిలో మహిళా సిబ్బందే తనిఖీ చేస్తారు. పురుషులు చేసే ప్రసక్తి లేదు. సాధారణంగా అక్కడ ఒక చిన్న పీట ఉంటుంది. దానిపై నిలబడి చేతులు చాచాలి. నెలలు నిండిన గర్భిణికి పీట ఎక్కడం కష్టమైతే నేల మీదే నిలబడతానని చెప్పవచ్చు. కళ్లు తిరుగుతున్నా, నిలబడలేకపోయినా కూర్చోబెట్టి తనిఖీ చేయమని కోరవచ్చు.

లోపలికి అడుగుపెట్టగానే ‘నేను గర్భిణిని, ఇన్నో నెల’ అని చెప్పడం మంచిది. చీర కట్టులోనో, వదులైన దుస్తుల్లోనో గర్భం కనిపించకపోవచ్చు. చెబితే పొట్టపై ఒత్తిడి పడకుండా చూస్తారు. నడుముకు ఆసరాగా వాడే బెల్టులో లోహపు పట్టీలు ఉంటే పరికరం శబ్దం చేస్తుంది. ఆ సంగతి కూడా ముందే చెప్పాలి.

మన మహిళల విషయంలో శబ్దం రావడానికి కారణాలకు కొదవ లేదు. మంగళసూత్రం, నల్లపూసలు, మెట్టెలు, పట్టగొలుసులు, చీర మడతలకు పెట్టే పిన్నీసులు, బంగారు గాజులు.. అన్నీ లోహాలే. సీమంతంలో తొడిగిన మట్టిగాజులతో మాత్రం ఇబ్బంది లేదు. శబ్దం వస్తే నేరం చేసినట్లు కాదు. ఎక్కడ లోహం ఉందో చేతి పరికరంతో చూసి, అది నగ అని నిర్ధారించుకొని పంపిస్తారు. మంగళసూత్రం తీయవలసిన పరిస్థితి సాధారణంగా రాదు. ప్రయాణం రోజు నగలు, పిన్నీసులు తగ్గించుకుంటే తనిఖీ త్వరగా ముగుస్తుంది. విలువైన నగలను పెద్ద సామానులో పెట్టరాదన్నది మరువకూడదు.

తనిఖీకి కూడా హద్దు ఉంది

తనిఖీకి నిరాకరించే హక్కు ప్రయాణికులకు లేదు. అదే సమయంలో గౌరవంగా తనిఖీ చేయించుకొనే హక్కు వారికి ఉంది. గర్భాన్ని నిరూపించుకొమ్మనడం, దుస్తులు తొలగించమనడం తనిఖీ పద్ధతి కాదు.

2019 జూన్‌లో గువాహటి విమానాశ్రయంలో ఒక గర్భిణిని దుస్తులు పైకెత్తి గర్భాన్ని చూపమన్నారని ఆమె భర్త బహిరంగంగా ఫిర్యాదు చేయగా, సీఐఎస్ఎఫ్ ఉన్నతాధికారులు బాధ్యులపై చర్య తీసుకున్నారు. అంతకుముందు 2017 జనవరిలో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో, బిడ్డ వెంట లేకుండా పాలు పిండే పరికరంతో వెళ్తున్న సింగపూర్ మహిళను తాను బాలింతనేనని నిరూపించుకొమ్మన్నారన్న ఫిర్యాదు అంతర్జాతీయంగా చర్చకు దారితీసింది.

ఇటువంటి పరిస్థితి ఎదురైతే ఏం చేయాలి? గొడవ పడకుండా, అక్కడి ఉన్నతాధికారిని పిలిపించమని కోరాలి. మరో మహిళా అధికారి సమక్షంలో తనిఖీ చేయమని అడగాలి. సిబ్బంది ఛాతీపై ఉండే పేరు, సమయం, ఎన్నో నంబరు వరుస అన్నవి గుర్తుపెట్టుకోవాలి. విమానం తప్పిపోకుండా ముందు ప్రయాణం పూర్తిచేసుకొని, ఆ తర్వాత ఫిర్యాదు చేయవచ్చు. కేంద్ర పౌర విమానయాన శాఖ 2016లో ప్రారంభించిన ఎయిర్‌సేవ వెబ్‌సైటు, యాప్ ఇందుకు ఉపకరిస్తాయి. వివరాలు స్పష్టంగా ఉంటేనే చర్యకు ఆస్కారం ఉంటుంది.

పాలసీసాపై ఆంక్షలు లేవా?

ద్రవపదార్థాలపై ఆంక్షలకు నాంది 2006 ఆగస్టు 10. లండన్ నుంచి బయలుదేరే విమానాలను ద్రవరూప పేలుడు పదార్థాలతో పేల్చివేసే కుట్రను బ్రిటన్ పోలీసులు ఆ రోజు బయటపెట్టారు. ఆ తర్వాత చేతిసంచీలో 100 మిల్లీలీటర్లకు మించిన సీసాలను అనుమతించరాదన్న నిబంధన ప్రపంచమంతటా అమలులోకి వచ్చింది. అంతర్జాతీయ ప్రయాణాల్లో చిన్న సీసాలన్నింటినీ ఒక లీటరు పట్టే పారదర్శక సంచీలో పెట్టి చూపాలి. సీసాలో ఎంత ఉందన్నది కాదు, సీసా ఎంత పట్టేదన్నదే లెక్క. 200 మిల్లీలీటర్ల సీసాలో నాలుగు చెంచాల నూనె ఉన్నా తీసేస్తారు. కొన్ని విమానాశ్రయాలు కొత్త తరహా స్కానర్లు వచ్చాక ఈ పరిమితిని సడలించినా, దారిలోని ప్రతి విమానాశ్రయంలో అదే ఉంటుందన్న భరోసా లేదు.

ఈ నిబంధన నుంచి చంటిపిల్లల ఆహారానికి, మందులకు మొదటినుంచీ మినహాయింపు ఉంది. తల్లిపాలు, డబ్బాపాలు, కాచి చల్లార్చిన నీళ్లు, మెత్తని పిల్లల ఆహారం ప్రయాణ కాలానికి సరిపడా తీసుకెళ్లవచ్చు. ‘సరిపడా’ అన్న మాటే ఇక్కడ కీలకం. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి నాలుగు గంటలలోపు ప్రయాణం. అమెరికాకు దారిలో ఆగే సమయంతో కలిపి ఇరవై గంటలు దాటుతుంది. దానికి తగ్గట్టు తీసుకెళ్తే ఎవరూ అభ్యంతరం చెప్పరు. విమానం ఆలస్యమైతే అన్న ఆలోచనతో ఒక పూటకు అదనంగా ఉంచుకోవడం కూడా సమంజసమే.

పాలసీసాలను సంచీ అడుగున దాచకుండా పైన పెట్టి, తనిఖీకి ముందే సిబ్బందికి చూపాలి. ఒక్కోసారి మూత తీసి చూస్తారు. స్టీలు ఫ్లాస్కు లోపల ఏముందో తెరపై స్పష్టంగా కనిపించదు కనుక విప్పి చూపమనే వీలుంది. పారదర్శకమైన సీసాలు వాడితే ఈ జాప్యం తప్పుతుంది. ఎక్స్‌రే యంత్రంలోంచి వెళ్లిన పాలు బిడ్డకు పట్టవచ్చా అన్న సందేహం కొందరిలో ఉంది. నిశ్చింతగా పట్టవచ్చు. ఎక్స్‌రే పాలలో నిలిచి ఉండేది కాదు. దీపం ఆర్పితే గదిలో వెలుగు మిగలనట్లే, యంత్రం దాటిన తర్వాత పాలలో ఏమీ మిగలదు.

బిడ్డ వెంట లేకుండా తల్లిపాలు తీసుకెళ్లే విషయంలో దేశానికో పద్ధతి ఉంది. 2016 అక్టోబరులో లండన్ హీత్రూ విమానాశ్రయంలో ఒక అమెరికా తల్లి, ఉద్యోగరీత్యా ఇంటికి దూరంగా ఉన్న రోజుల్లో బిడ్డ కోసం దాచిన 500 ఔన్సుల పాలను, అంటే దాదాపు 15 లీటర్లను వదులుకోవలసి వచ్చింది. బిడ్డ వెంట లేకపోవడం, గడ్డకట్టిన పాలను ద్రవంగానే లెక్కించడం అందుకు కారణాలు. అమెరికాలో బిడ్డ వెంట లేకున్నా తల్లిపాలను అనుమతిస్తారు. కనుక ఉద్యోగినులైన తల్లులు తాము దిగే, మారే ప్రతి దేశపు నియమాన్ని ముందుగా విచారించుకోవాలి.

మరో ముఖ్య విషయం. దుబాయ్, దోహా, అబుదాబి వంటి చోట్ల విమానం మారేటప్పుడు మళ్లీ తనిఖీ ఎదురుకావచ్చు. శంషాబాద్‌లో తనిఖీ దాటాక కొన్న నీళ్ల సీసా అక్కడ తీసేస్తారు. అబుదాబి మీదుగా అమెరికా వెళ్లేవారికి 2014 నుంచి అమెరికా అధికారుల తనిఖీ, ఇమిగ్రేషన్ అక్కడే జరుగుతున్నాయి. బిడ్డ పాలకు కావలసిన నీటి విషయం రెండోసారి కూడా చెప్పవలసి ఉంటుంది.

బాలింత సరుకులు.. ఏది ఎక్కడ?

కుమార్తె పురుటికి వెళ్లే తల్లి సంచీ ఉత్త చేతులతో కదలదు. శొంఠిపొడి, వాము, నలుగుపిండి, ఆముదం, వసకొమ్ము, సాంబ్రాణి, నెయ్యి, పచ్చళ్లు.. ఏది చేతిసంచీలో, ఏది పెద్ద సామానులో, ఏది ఇంటి దగ్గరే అన్నది ముందుగా తేల్చుకోవాలి.

నెయ్యి, ఆముదం, కొబ్బరినూనె ద్రవాల కిందికే వస్తాయి. నీరు కారకుండా గట్టిగా కట్టి పెద్ద సామానులో పెట్టాలి. కారప్పొడి, మిరప పచ్చళ్లను చేతిసంచీలో అనుమతించరు. అవీ పెద్ద సామానులోకే. పొడుల విషయంలో అమెరికా వెళ్లేవారు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. 2018 జూన్ 30 నుంచి, విదేశాల నుంచి అమెరికా వచ్చే విమానాల్లో 350 మిల్లీలీటర్ల పరిమాణానికి మించిన పొడులు చేతిసంచీలో ఉంటే అదనపు తనిఖీ చేస్తున్నారు. అది ఏమిటో తేలకపోతే తీసేస్తారు. శొంఠిపొడి, నలుగుపిండి పొట్లాలు చేతిసంచీలో పెట్టుకొని చిక్కుల్లో పడేకంటే పెద్ద సామానులో ఉంచడమే మేలు. పిల్లల పాలపొడికి, వైద్యులు రాసిన మందుల పొడికి ఈ నిబంధన వర్తించదు.

కర్పూరం మండే పదార్థం కనుక విమానంలో నిషిద్ధం. అగ్గిపెట్టె, లైటరు కూడా ఇంటి వద్దే వదిలిపెట్టాలి. ఒడిబియ్యంలో పోసిన కుడుకలను అలాగే మూటకట్టి పెద్ద సామానులో పెట్టేవారు చాలామంది. ఎండుకొబ్బరిలో నూనె శాతం ఎక్కువై తేలికగా అంటుకొనే స్వభావం ఉన్నందున దానిని అందులో అనుమతించరు. శుభానికి పెట్టిన వస్తువును విమానాశ్రయంలో తీసి పారేయవలసి వస్తే పెద్దల మనసు నొచ్చుకుంటుంది. ముందే పక్కన పెట్టడం ఉత్తమం.

పిల్లల గ్రైప్‌వాటర్, జ్వరం మందు సీసాలు 100 మిల్లీలీటర్లకు మించి ఉంటే వైద్యుని చీటీ దగ్గర ఉంచుకోవాలి. గర్భిణి వాడే ఇన్సులిన్, సూదుల మందులకూ ఇదే వర్తిస్తుంది. వాటిని చేతిసంచీలోనే పెట్టుకోవాలి. పెద్ద సామాను దారి తప్పితే మందు లేకుండా ఉండలేరు. సెల్‌ఫోన్ పవర్‌బ్యాంకు సైతం చేతిసంచీలోనే ఉండాలి. పిల్లల బొమ్మల్లో తుపాకీ ఆకారంలో ఉన్నవి వద్దు. కత్తెర పెద్ద సామానులో పెట్టాలి.

చంటిపిల్లలతో ద్వారం దాటడం

ఒళ్లో బిడ్డ ఉన్న తల్లి ఆ బిడ్డతోనే మెటల్ డిటెక్టర్ దాటవచ్చు. ఒంటికి కట్టుకొనే సంచీలో, ఉయ్యాలబట్టలో బిడ్డ ఉంటే బయటకు తీసి ఎత్తుకోమంటారు. తోపుడుబండిని మడిచి బెల్టుపై పెట్టాలి. పట్టనంత పెద్దదైతే చేతితో పరిశీలిస్తారు. నిద్రపోతున్న బిడ్డను లేపవలసి వచ్చినా నొచ్చుకోకూడదు. దుప్పటి, డైపరు చూసినా అది తనిఖీలో భాగమే.

వెండి మొలతాడు, కాళ్ల కడియాలు, చేతి మురుగులు ద్వారం వద్ద శబ్దం చేస్తాయి. దిష్టిపూసలు, నల్లతాడుతో ఇబ్బంది ఉండదు. మువ్వల పట్టీలు ఆ రోజుకు తీసి ఉంచితే తల్లికి, సిబ్బందికి శ్రమ తప్పుతుంది.

భార్యాభర్తలు కలిసి వెళ్తున్నప్పుడు ఇద్దరి వరుసలు వేరైపోతాయన్నది గుర్తుంచుకోవాలి. ముందుగా ఒకరు తనిఖీ ముగించుకొని అవతల సామాను అందుకోవాలి. ఆ తర్వాత రెండోవారు బిడ్డతో రావాలి. ఇద్దరూ ఒకేసారి వెళ్తే సంచులు, ఫోన్లు, పాస్‌పోర్టులు బెల్టు చివర ఎవరూ చూసేవారు లేకుండా పడి ఉంటాయి. నడిచే పిల్లలకు ఇంటి దగ్గరే ఈ తతంగం గురించి ఆటలా చెప్పి ఉంచాలి. బొమ్మ యంత్రంలోకి వెళ్లి మళ్లీ వస్తుందని తెలిస్తే ఏడుపు తగ్గుతుంది. బాంబు, తుపాకీ వంటి మాటలు తమాషాకైనా అక్కడ పలకరాదని పెద్ద పిల్లలకు గట్టిగా చెప్పాలి.

అమెరికాలో తనిఖీ పేరిట బిడ్డను తల్లి నుంచి వేరు చేయరు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు తనిఖీ పద్ధతులు తేలికగా ఉంటాయి. తనిఖీకి బూట్లు విప్పాలన్న అక్కడి పాత నిబంధనను 2025 జూలైలో ఎత్తివేయడంతో, వంగలేని గర్భిణులకు ఒక ఇబ్బంది తప్పింది.

ధ్రువపత్రం సంగతి

వైద్యుని ధ్రువపత్రం భద్రతా తనిఖీకి కాదు, విమానయాన సంస్థకు కావాలి. సంస్థను బట్టి 28 నుంచి 32 వారాలు దాటిన తర్వాత దీనిని అడుగుతారు. ఒకే బిడ్డ అయితే సాధారణంగా 36 వారాల తర్వాత, కవలలైతే ఇంకా ముందే, ప్రయాణానికి నిరాకరిస్తారు. తిరుగు ప్రయాణం నాటికి ఎన్ని వారాలవుతాయో కూడా లెక్క చూసుకోవాలి. పోయేటప్పుడు అనుమతించి, వచ్చేటప్పుడు ఆపేస్తే పరదేశంలో చిక్కుకుపోవలసి వస్తుంది. పత్రం ఇంగ్లిషులో, ఆసుపత్రి ముద్రతో, ఇటీవలి తేదీతో ఉండాలి. ఎన్ని వారాలు, ప్రసవ తేదీ ఎప్పుడు, ఒక బిడ్డా కవలలా, ప్రయాణానికి అర్హురాలేనా అన్నవి అందులో స్పష్టంగా రాయించుకోవాలి.

విదేశానికి వెళ్లే బిడ్డకు, పుట్టి నెలే అయినా సరే, సొంత పాస్‌పోర్టు తప్పనిసరి. దేశంలో ప్రయాణించేటప్పుడు తల్లిదండ్రుల గుర్తింపు పత్రం ఉంటే పసిబిడ్డకు వేరే గుర్తింపు పత్రం అక్కర్లేదని బీసీఏఎస్ స్పష్టం చేసింది. అయితే రెండేళ్ల లోపు బిడ్డకు టికెట్టు రాయితీ ఉన్నందున, వయసు నిర్ధారణకు విమానయాన సంస్థ జనన ధ్రువపత్రం అడుగుతుంది.

ఇవి గుర్తుంచుకోండి

* అంతర్జాతీయ ప్రయాణానికి కనీసం మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండాలి. గర్భిణులు, పిల్లల తల్లులు మరో గంట చేర్చుకొని ఇంటి నుంచి బయలుదేరాలి.
* ఒంటరిగా వెళ్లే గర్భిణి టికెట్టు తీసుకొనేటప్పుడే చక్రాల కుర్చీ, సహాయకుల సేవ కోరాలి. తనిఖీ వరుసలో నిలబడే శ్రమ తగ్గుతుంది.
* వరుస పొడవుగా ఉంటే ముందుకు పంపమని సిబ్బందిని అడగాలి. అడగనిదే ఎవరికీ తెలియదు.
* పాలు, మందులు, వైద్యుని చీటీ ఒకే సంచీలో, చేతికందేలా ఉంచాలి.
* వదులైన దుస్తులు, తేలికైన చెప్పులు వేసుకోవాలి. నగలు, పిన్నీసులు తగ్గించాలి.
* తనిఖీకి ముందే మరుగుదొడ్డికి వెళ్లి, బిడ్డ డైపరు మార్చి, పాలు పట్టి సిద్ధం కావాలి.
* ఇంగ్లిషు, హిందీ రాని తల్లిదండ్రులు, ‘గర్భిణి’, ‘బిడ్డ పాలు’, ‘మందులు’ అన్న మాటలు ఇంగ్లిషులో రాసిన చీటీ దగ్గర ఉంచుకుంటే మేలు.

విమానాశ్రయ తనిఖీ ప్రయాణికులందరి ప్రాణరక్షణకు ఉద్దేశించినది. అందులో గర్భిణికి, పసిబిడ్డకు ఇబ్బంది కలగకుండా చూసే వెసులుబాటూ ఉంది. యంత్రం చూసి భయపడవలసిన పని లేదు, సిబ్బందిని చూసి నోరు మూసుకోవలసిన పనీ లేదు. విషయం తెలుసుకొని, పత్రాలు సరిచూసుకొని, అవసరమైనది అడిగి వెళ్తే కొద్ది నిమిషాల్లో ఈ తతంగం ముగుస్తుంది. జిల్లా నుంచి విదేశాలకు వెళ్లే కుటుంబాలు ప్రయాణానికి వారం ముందే ఈ ఏర్పాట్లన్నీ చూసుకోవడం శ్రేయస్కరం.